ఎల్మ్ స్ట్రీట్‌లో జిన్నింగ్ యంత్రాల ఫ్యాక్టరీ

ఇర్వింగ్, టెక్సస్

నాన్నకి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందని విని మనసు కుదుటపడింది.

తాతయ్య కట్టించిన పత్తి గోడౌన్ పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపడానికి ఎవరో బేరం పెట్టారనీ, మీరింకా ఏమీ తేల్చలేదనీ అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. అప్పటినుంచీ నాకు అదే ధ్యాస. ఫోన్‌లో అయితే మాట మధ్యలో తెగిపోతుందని రాస్తున్నాను. సంతకం పెట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి.

డాలస్ నడిబొడ్డున ఎల్మ్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. మొన్న శనివారం రైల్లో వెళ్లి, పడమటి కొసనుంచి తూర్పుకి నడిచాను. మీకు ముందుగా చెప్పాల్సింది తూర్పున ఉన్న 3309 నంబరు గురించి. ఎర్ర ఇటుక భవనాలు, గోడమీద కాంటినెంటల్ జిన్ కంపెనీ అని పెయింట్ అక్షరాలు. అవును నాన్నా, పత్తిలోంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ యంత్రాలు తయారుచేసిన ఫ్యాక్టరీ! దీనికి మూలపురుషుడు రాబర్ట్ మంగర్. బండిలోని పత్తిని గాలితో పీల్చి, గొట్టంలోంచి జిన్నులకి పంపి, వచ్చిన దూదిని బేళ్లు కట్టే ప్రెస్సు దాకా చేర్చే పద్ధతిని 1880ల్లో తయారుచేశాడు. అంతకుముందు ఇక్కడా మనుషులు బుట్టలతో మోసేవాళ్లే. 1888లో మొదలుపెట్టి ఈ భవనాల్ని ఒక్కొక్కటిగా కట్టుకుంటూ పోయారు. తర్వాత మరికొన్ని కంపెనీలతో కలిసి, పత్తి జిన్నుల తయారీలో అమెరికాలోకెల్లా పెద్ద కంపెనీ అయింది.

ఇక్కడివి రంపపు చక్రాల జిన్నులు. మీరు మిల్లులో నడిపినవి తోలు రోలర్లవి. రోలర్ తోలు అరిగితే దూదిలో గింజ ముక్కలు పడతాయని మీరు రాత్రి షిఫ్టులో కూడా చేత్తో తడిమి చూసేవారు కదా. ఆ గోడ పక్కన నిలబడితే అదే గుర్తొచ్చింది.

1962లో ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత చిత్రకారులు, శిల్పులు అద్దెకి తీసుకుని స్టూడియోలు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆఫీసులున్నాయి. కిటికీ అద్దంలోంచి చూస్తే దళసరి చెక్క స్తంభాలు, వాటి మధ్య కంప్యూటర్లు. స్తంభాలకి రంగు కూడా వేయలేదు, ఎక్కడ నొక్కులు పడ్డాయో అక్కడే ఉన్నాయి. నాకు చాలా నచ్చింది.

పడమటి కొసన 411 నంబరు. దీన్ని 20వ శతాబ్దం మొదట్లో కట్టించింది ఒక నాగళ్ల కంపెనీ. ఒక కొసన నాగళ్లు, ఇంకో కొసన పత్తి యంత్రాలు. మన గుంటూరు వాళ్లకి ఇంతకంటే పరిచయమున్న వీధి అమెరికాలో ఉంటుందా? ఆ నాగళ్ల భవనంలోకే తర్వాత స్కూలు పుస్తకాలు సరఫరా చేసే కంపెనీ వచ్చింది. 1963 నవంబరు 22న కెన్నెడీని కాల్చింది దాని ఆరో అంతస్తు కిటికీలోంచే. ఆ భవనం కనబడకూడదు, కూల్చేయండి అని చాలామంది అన్నారు. కూల్చలేదు. 1977లో డాలస్ కౌంటీ కొని కింది అంతస్తుల్లో ఆఫీసులు పెట్టింది. 1989లో ఆరో అంతస్తు మ్యూజియం అయింది. ఆ కిటికీ మూలకి అద్దం అడ్డం పెట్టి, ఆనాటిలాగే అట్టపెట్టెలు పేర్చి ఉంచారు. ఊరికి తలవంపులు తెచ్చిన చోటునే దాచకుండా నిలబెట్టుకున్నారంటే నాకు గౌరవం కలిగింది.

మధ్యలో 1921 నాటి మెజెస్టిక్ థియేటర్ ఉంది. 1973లో మూసేస్తే, తర్వాత ఊరికి ఇచ్చేశారు, 1983లో మళ్లీ తెరిచారు. 1965లో కట్టిన 52 అంతస్తుల బ్యాంకు టవరు పదేళ్లు ఖాళీగా పడుంది, ఇప్పుడు హోటలూ ఫ్లాట్లూ.

అన్నీ బాగున్నాయని మాత్రం అనను. 2551లో ఉన్న ఎర్ర ఇటుక భవనం 1916లో నల్లజాతివాళ్లు తమ సంఘం కోసం కట్టుకున్నది. గీసిన ఆర్కిటెక్ట్ విలియం సిడ్నీ పిట్‌మన్ కూడా నల్లజాతివాడే, పేరున్న నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌కి అల్లుడు. తెల్లవాళ్ల భవనాల్లో చోటు దొరకని ఆ రోజుల్లో వాళ్ల డాక్టర్లు, లాయర్లు ఇందులోనే కూర్చునేవారు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ చేతికి వెళ్లింది, ఏళ్ల తరబడి తాళం పడింది. 2020లో హోటల్ అయింది. పిట్‌మన్ పేరే పెట్టారు, సంతోషమే. కానీ ఆ మెట్లెక్కి వైద్యానికి వచ్చినవాళ్ల మనవలకి అందులో ఒక గది అయినా ఉండాల్సింది అనిపించింది. పక్కనే పైనుంచి పోయే హైవే కోసం దుకాణాల వరుసనే కొట్టేశారు. అక్కడ చూడటానికి ఇప్పుడు కాంక్రీటు స్తంభాలే.

ఇక్కడ ఇవి నిలబడటానికి అభిమానం ఒక్కటే కారణం కాదు. చారిత్రక భవనాన్ని రూపం చెడకుండా బాగుచేస్తే, అయిన ఖర్చులో 20 శాతం కేంద్ర ప్రభుత్వం పన్నులో తగ్గిస్తుంది, టెక్సస్ రాష్ట్రం ఇంకో 25 శాతం. తాతయ్య గోడౌన్‌కి అలాంటి ఊతం దొరకదు, తెలుసు. అన్నయ్యకి పిల్లల ఫీజుల టెన్షన్ ఉందనీ తెలుసు. అందుకే ఊరికే వద్దని చెప్పడం లేదు.

మంచి సివిల్ ఇంజినీర్‌ని పిలిచి గోడలు, దూలాలు చూపించండి. పెంకులు తీయించి కొత్త కప్పు వేయించే ఖర్చు నేను పంపుతాను. అంత పెద్ద హాలు, అంత ఎత్తు కప్పు, లారీ పట్టే వాకిలి. రెడీమేడ్ బట్టలు కుట్టే యూనిట్‌కో, పోటీ పరీక్షల పిల్లల రీడింగ్ రూమ్‌కో అద్దెకిస్తే నెలనెలా డబ్బొస్తుంది. ఆ అద్దె మొత్తం అన్నయ్యే తీసుకోనీ, నా వాటా నాకొద్దు. బేరానికి వచ్చినాయన్ని దసరా దాకా ఆగమనండి. అప్పటికి నేను సెలవు పెట్టుకుని వస్తాను, ముగ్గురం కూర్చుని లెక్కలు చూసుకుందాం.

గోడౌన్ లోపలి ఫోటోలు, కొలతలు అన్నయ్యని వాట్సాప్ చేయమనండి. ముఖ్యంగా వెనక గోడ, వర్షం నీళ్లు దిగేవైపు.

మీ చిన్నబ్బాయి