మంత్రిగారూ, మా అటక మీద ఆరు డబ్బాలున్నాయి

ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, ఇది టికెట్ రేట్ల గురించి కాదు, బెనిఫిట్ షోల గురించి అసలే కాదు, కాబట్టి ఎవరో ఫ్యాన్ రాశాడనుకుని పక్కన పడేయకండి. నేను చెప్పేది దాదాపు తొంభై ఏళ్ల కిందట పోలండ్‌లో తీసిన ఒక పాటల సినిమా సంగతి. మనకేం సంబంధం అంటారా, వస్తున్నా.

ఉద్యోగం కోసం వచ్చి బోస్టన్ పక్కన ఉంటున్నాను. పోయిన చలికాలం ఆఫీసులో ఒకాయన బలవంతం చేస్తే 'యిడ్ల్ మిట్‌న్ ఫిడ్ల్' చూశాను. 1936లో వచ్చింది, భాష యిడ్డిష్, అంటే తూర్పు యూరప్ యూదులు ఇంట్లో మాట్లాడుకునే భాష. కథ వింటే మన పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో ఏదో ఒకటి అనుకుంటారు. ఉన్న ఇల్లు పోయి ఊళ్లమీద పడి వాయించుకుని బతికే తండ్రీ కూతుళ్లు, ఆయనది మనిషంత ఎత్తుండే బేస్ అనే తీగల వాయిద్యం, ఆమెది ఫిడేలు, ఆడపిల్లని వెంటేసుకుని తిరగడం కష్టమని ఆమెకి మగపిల్లాడి వేషం వేస్తాడు. దారిలో ఇంకో ఇద్దరు వాయిద్యగాళ్లు కలుస్తారు, అందులో కుర్రాడంటే ఈ పిల్లకి ఇష్టం, కానీ వేషంలో ఉండి ఎలా చెప్పుకుంటుంది? ఆ పాత్ర వేసిన మోలీ పికాన్‌కి అప్పటికే 38 ఏళ్లు. టోపీ కిందికి లాక్కుని గెంతుతుంటే నమ్మేశాను సార్, నిజంగా. పాటలు ఇట్సిక్ మాంగర్ రాశాడు, బాణీలు ఏబ్రహం ఎల్‌స్టైన్‌వి. ముక్క అర్థం కాకపోయినా ఇంటికొచ్చేదాకా కూనిరాగం తీస్తూనే ఉన్నాను.

నన్ను పట్టుకున్నది మాత్రం పెళ్లి సీను. డబ్బున్న ముసలి పెళ్లికొడుకు, ఏడుపు దిగమింగుకున్న పెళ్లికూతురు, ఇది మనకి కొత్తేం కాదు. కానీ ఆ పెళ్లికొచ్చిన జనాన్ని చూడండి. నిర్మాత, దర్శకుడు జోసెఫ్ గ్రీన్ అమెరికా నుంచి పోలండ్ వెళ్లి విస్తులా నది ఒడ్డున కజిమియెష్ డొల్నీ అనే చిన్న ఊళ్లో దీన్ని తీశాడు. సెట్టు కాదు, జూనియర్ ఆర్టిస్టులూ కాదు, ఆ ఊరివాళ్లే అతిథులు. ఒక ముసలాయన గడ్డం, తలకి రుమాలు కట్టుకున్న ఒక పెద్దావిడ చప్పట్లు, ఇవేవీ నేర్పితే వచ్చేవి కావు. అప్పటికి ఆ ఊళ్లో దాదాపు సగం మంది యూదులు. తీసిన ఆరేళ్లకి, 1942లో, జర్మన్లు ఆ జనాన్నంతా తరలించేశారు. చాలామంది బెల్జెట్స్ అనే మరణ శిబిరంలో చనిపోయారు. వాళ్ల సమాధి రాళ్లని కూడా పీకి నేలకి పరిచారు, తర్వాతెప్పుడో 1980ల్లో ఆ ముక్కలన్నీ ఏరి ఊరి బయట గోడలా నిలబెట్టారు, మధ్యలో నిలువునా పగులు ఉంచి. యుద్ధంలో పాడైన ప్రార్థనామందిరాన్ని తిరిగి కట్టి ఏం చేశారో తెలుసా? సినిమా హాలు. చాలా ఏళ్లు అలాగే నడిచింది.

అంటే ఆ ఊరు నవ్వుతూ భోజనాలు చేస్తూ కనిపించేది ఇప్పుడు ఈ సినిమాలోనే. అది కూడా పోవాల్సిందే. అప్పటి సినిమా నైట్రేట్ ఫిల్మ్ మీద ఉండేది, దానికి ఒకసారి నిప్పంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, అంటుకోకపోయినా మెల్లగా జిగురై, పొడై రాలిపోతుంది. పోకుండా ఆపింది ఏ ప్రభుత్వమూ కాదు. ఆ భాషకి సొంత దేశమే లేదు, మీలాంటి మంత్రి ఎక్కణ్ణుంచి వస్తాడు? 1976లో షారన్ రివో, మిరియమ్ క్రాంట్ అనే ఇద్దరు ఆడవాళ్లు జోసెఫ్ సైడెన్ అనే పాత నిర్మాత మిగిల్చిన యిడ్డిష్ రీళ్లు పాడైపోతున్నాయని పని మొదలుపెట్టారు. అదే బ్రాండైస్ యూనివర్సిటీలో నేషనల్ సెంటర్ ఫర్ జ్యూయిష్ ఫిల్మ్ అయింది. మా ఇంటికి అరగంట దూరం. 30కి పైగా యిడ్డిష్ సినిమాలని మళ్లీ చూడగలిగేలా చేశారు, నేను చూసిన ప్రింటూ వాళ్లు బాగుచేసిందే, కొత్త సబ్‌టైటిళ్లతో సహా.

ఇప్పుడు మన సంగతి. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద', 1932. ఎంత డబ్బు పెట్టినా ఇవాళ దాన్ని చూడలేం, ప్రింటే మిగల్లేదు. 2003లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్ గోదాంలో నిప్పంటుకుని పాత నైట్రేట్ రీళ్లు కాలిపోయాయి, అందులో మళ్లీ దొరకనివీ ఉన్నాయి. యుద్ధం లేదు, తరిమినవాడు లేడు, మనవి మనమే పోగొట్టుకున్నాం. ఫిల్మ్‌లో ఉండే వెండి తీయడానికి రీళ్లని తూకానికి అమ్ముకున్న రోజులు మా పెదనాన్నకి బాగా గుర్తు.

ఆయన తెనాలి వైపు టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్‌గా చేశారు. డేరా ఎత్తేసినప్పుడు జీతం బాకీ కింద వచ్చిన ఆరు రీళ్ల డబ్బాలు మా అటక మీదే ఉన్నాయి. ఏ సినిమావో లేబుళ్లు చెరిగిపోయాయి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒకటి తెరిస్తే గుప్పుమని వెనిగర్ వాసన, అంచులు చెక్కబెరడులా వంకర్లు తిరిగి ఉన్నాయి. ఆ వాసన వస్తోందంటే ఫిల్మ్ చావడం మొదలైందని అర్థం. ఒక ఆఫీసుకి వెళ్లాను. ఈ సెక్షన్ కాదన్నారు, ఆ సెక్షన్‌లో సారు లీవన్నారు, మూడో రోజు ఒకాయన మాత్రం ఓపిగ్గా విని "యూట్యూబ్‌లో పెట్టేయండి సార్, అందరూ చూస్తారు" అన్నాడు. రీలుని యూట్యూబ్‌లో ఎలా పెట్టాలో ఆయన్నే అడిగి ఉండాల్సింది.

సార్, నేను ఫిల్మ్ సిటీ కట్టమనట్లేదు, విగ్రహం పెట్టమనట్లేదు. ఏసీ కరెంటు పోకుండా నడిచే ఒక గది, రీలు పట్టుకోవడం తెలిసిన ఇద్దరు మనుషులు, ఊళ్లో ఎవరి అటక మీద డబ్బా దొరికినా ఫోన్ చేయడానికి ఒక నంబరు, చాలు. బాగుచేయడం తర్వాత ఎవరైనా చేస్తారు, ముందు తీసుకునేవాళ్లు ఉండాలి కదా.

వచ్చే డిసెంబర్‌లో మూడు వారాల సెలవు మీద వస్తున్నాను. పెదనాన్నకి 84 ఏళ్లు, డబ్బాలు పారేయనివ్వరు, నన్ను వాటిని అమెరికా తీసుకెళ్లనివ్వరు. ఎవరికి ఇవ్వమంటారో చెప్తే నేనే తెచ్చి ఇస్తాను.