రాసింది దిద్దేవారేరీ?

ఉద్యోగం చేస్తూ సొంతంగా చదువుకునే పెద్దలకు వ్యాసరచన, సాహిత్య విమర్శ నేర్పే ఏర్పాటు దాదాపు లేదు. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసానికి 250 మార్కులు, తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకుంటే మరో 500. మా పట్టణ గ్రంథాలయంలో సాయంత్రాలు చూస్తుంటాను: ఈ పరీక్షకు చదివేవారు తిక్కన భారతంలోని రాయబార ఘట్టంలో ఒక్క పద్యమైనా చదవకుండానే అందులోని నాటకీయతపై గైడులోని పేజీలు కంఠస్థం చేస్తున్నారు. వాళ్లు సోమరులు కారు. రాసింది చదివి, ఈ మాటకు పద్యంలో ఆధారమేదని అడిగే మనిషి లేరు. వీడియో పాఠాలు ఎన్ని విన్నా ఆ లోటు తీరదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు విశ్రాంత తెలుగు అధ్యాపకులకు గౌరవ వేతనమిచ్చి వారం వారం సమాధానాలు దిద్దించాలి. దిద్దిన ప్రతులను, పేర్లు తీసేసి, అందరికీ అందుబాటులో ఉంచాలి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ప్రజలు కడుతూనే ఉన్నారు. ఈ ఖర్చు అందులోంచే పెట్టవచ్చు.