అక్షరాలు ఐదే, అచ్చులు ఇరవై

పర్లాకిమిడి, గుణుపురం వైపు బడుల్లో ఇంగ్లిషు అచ్చులను అక్షరాలుగానే బట్టీ పట్టిస్తున్నారు, వాటి ధ్వనులను ఎవరూ నేర్పడం లేదు. అచ్చు అక్షరాలు 5 అయితే బ్రిటిష్ ఉచ్చారణలో అచ్చు ధ్వనులు సుమారు 20. ఈ సంగతి చెప్పకపోవడంతో, దాదాపు రాసినట్టే చదివే లిపులకు అలవాటుపడ్డ పిల్లలకు స్పెల్లింగ్ అంటేనే టెన్షన్. ఈ, ఏ (ea) అక్షరాల జంట బ్రెడ్, మీట్, గ్రేట్, హార్ట్ మాటల్లో నాలుగు రకాలుగా పలుకుతుంది. కీ, పీపుల్, మెషీన్, ఫీల్డ్ మాటల్లో ఒకే ధ్వనికి నాలుగు స్పెల్లింగులు. తప్పు పిల్లలది కాదు. సుమారు 1400-1700 మధ్య ఇంగ్లిషు దీర్ఘాచ్చుల ఉచ్చారణ మారిపోయింది. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండుకు తెచ్చిన అచ్చుయంత్రం మాత్రం పాత స్పెల్లింగులు చాలావాటిని అలాగే నిలబెట్టింది. మా ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది. ఒడియాలో హ్రస్వ దీర్ఘాల తేడా రాతలోనే తప్ప మాటలో వినపడదు. అందుకే ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు షిప్, షీప్ ఒకేలా పలుకుతారు. తెలుగు పిల్లలకు ఆ తేడా పుట్టుకతో వచ్చింది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికీ ఒకే బట్టీ ఎలా సరిపోతుంది? సవర గిరిజనుల మాటలు చెవితో విని వారి భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు మా పర్లాకిమిడి, ఇక్కడైనా ఇంగ్లిషు వినడంతో మొదలవ్వాలి. ఒక్కో అచ్చు ధ్వనికి ఉన్న స్పెల్లింగులన్నీ ఒకచోట చేర్చి, ఉచ్చారణను తెలుగు, ఒడియా లిపుల్లో రాసిన పట్టికను మూడో తరగతి నుంచి ప్రతి గదిలో పెట్టాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా జిల్లా విద్యాశాఖ టీచర్లకు ధ్వనుల మీద శిక్షణ ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా