నా కారు కొన్న సంగతిని డీవీఎల్‌ఏకు (బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ సంస్థకు) ఆలస్యంగా తెలిపి, రోడ్ టాక్స్ రిఫండ్‌కు నష్టం కలిగించినందుకు ఫిర్యాదు

విజయవాడ,
2025 అక్టోబర్ 6.

కస్టమర్ ఫిర్యాదుల విభాగాధికారి గారికి,
పాత కార్ల కొనుగోలు సంస్థ, తూర్పు లండన్.

విషయం: 2025 జూలై 29న మీరు నా దగ్గర కొన్న కారు సంగతిని సెప్టెంబర్ 4 వరకు డీవీఎల్‌ఏకు తెలియజేయకపోవడం, దానివల్ల తగ్గిన రోడ్ టాక్స్ రిఫండ్, నా పేరిట వచ్చిన నోటీసులు.

ఆర్యా,

తూర్పు లండన్‌లోని ఇల్‌ఫర్డ్‌లో ఉన్నంత కాలం వాడుకున్న నా పెట్రోల్ కారును, ఉద్యోగం ముగించుకుని స్వదేశానికి వచ్చేస్తున్న సందర్భంలో, 2025 జూలై 29న మీ యార్డులో మీ సంస్థకు అమ్మాను. ఒప్పుకున్న ధర 6,400 పౌండ్లు అదే రోజు నా ఖాతాలో జమ అయింది. ధర విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. తెలుగు కస్టమర్లకు తెలుగులోనే సమాధానమిస్తామని మీ సంస్థ ప్రకటించుకున్నది కనుకనూ, ఆ రోజు మాటలన్నీ తెలుగులోనే జరిగాయి కనుకనూ ఈ లేఖను తెలుగులోనే రాస్తున్నాను.

కారు చేతులు మారినట్టు స్వాన్సీలోని డీవీఎల్‌ఏకు తెలియజేయవలసిన బాధ్యత చట్టప్రకారం రిజిస్టర్డ్ కీపర్‌నైన, అంటే కారు ఎవరి పేరిట నమోదై ఉన్నదో ఆ వ్యక్తినైన, నాదేనని, తెలియజేయకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చునని నాకు తెలుసు. అందువల్లనే, లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) మీద ఉండే 11 అంకెల రెఫరెన్స్ నంబరుతో అక్కడికక్కడే నా ఫోన్‌లో నమోదు చేస్తానని మీ ప్రతినిధితో చెప్పాను. ఆయన వద్దన్నారు. వాహన వ్యాపారులకు కూడా ఆ ఆన్‌లైన్ సేవ అందుబాటులో ఉన్నదని, ఇద్దరూ నమోదు చేస్తే రికార్డు చిక్కుపడుతుందని, సాయంత్రంలోగా మీ కార్యాలయమే ఆ పని పూర్తి చేస్తుందని చెప్పి, లాగ్‌బుక్‌ను పసుపు రంగు స్లిప్పుతో సహా తీసుకున్నారు. వ్యాపారికి కారు అమ్మినప్పుడు అమ్మినవారు నింపవలసిన 4వ భాగమే ఆ పసుపు స్లిప్పు కనుక, దానికి బదులుగా నాకు ఏదైనా ఆధారం కావాలని పట్టుబట్టాను. అప్పుడు మీ కొనుగోలు రసీదు అడుగున ‘డీవీఎల్‌ఏకు ఈ రోజే తెలియజేయబడుతుంది’ అని రాసి, సమయం వేసి, సంతకం చేసి, సంస్థ ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ రసీదు ప్రతిని ఈ లేఖకు జతచేస్తున్నాను.

ఆ మాట నిలబడలేదు. ఇల్‌ఫర్డ్‌లో నేనుండిన ఇంట్లోనే ఇప్పుడు ఉంటున్న నా మిత్రుడికి సెప్టెంబరులో డీవీఎల్‌ఏ నుంచి నా పేరిట ఒక ధ్రువీకరణ లేఖ వచ్చింది. నేను ఆ కారుకు కీపర్‌గా లేనట్టు అందులో నమోదైన తేదీ 2025 సెప్టెంబర్ 4. నా చేతిలో ఉన్న మీ రసీదు మీద తేదీ జూలై 29. ఈ రెండు తేదీల మధ్య కారు మీ దగ్గర ఉన్నది, రికార్డు మాత్రం నా పేరిట ఉన్నది. నా ఫిర్యాదు అంతా ఈ మధ్యకాలం గురించే.

ముందుగా రిఫండ్ సంగతి. ఈ కారుకు నేను 2025 మే 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు ఒక సంవత్సరపు రోడ్ టాక్స్ 195 పౌండ్లు ఒకేసారి చెల్లించాను. నెలకు 16 పౌండ్ల 25 పెన్సులు. కారు అమ్మినప్పుడు మిగిలిన పూర్తి నెలల టాక్స్‌ను, వేరే దరఖాస్తు ఏదీ అక్కర లేకుండా, డీవీఎల్‌ఏ తానే చెక్కు రూపంలో తిరిగి పంపుతుంది. అయితే ఆ లెక్క మొదలయ్యేది కారు అమ్మిన తేదీ నుంచి కాదు, అమ్మకం సమాచారం డీవీఎల్‌ఏకు అందిన తేదీ నుంచి. సమాచారం జూలై 31లోగా అంది ఉంటే ఆగస్టు నుంచి ఏప్రిల్ వరకు 9 పూర్తి నెలలకు నాకు 146 పౌండ్ల 25 పెన్సులు రావలసి ఉండేది. మీరు సెప్టెంబర్ 4న తెలియజేసినందువల్ల ఆగస్టు పోయింది, మొదలైన నెలకు రిఫండ్ ఉండదు కనుక సెప్టెంబర్ కూడా పోయింది, మిగిలిన 7 నెలలకు 113 పౌండ్ల 75 పెన్సుల చెక్కు వచ్చింది. తేడా 32 పౌండ్ల 50 పెన్సులు.

ఈ సొమ్ము గురించి నేను ఫోన్ చేసినప్పుడు, మిగిలిన రోడ్ టాక్స్ విలువను కారు ధరలోనే కలిపి ఇచ్చామని, కాబట్టి రిఫండ్ మీద నాకు హక్కు లేదని మీ సిబ్బంది చెప్పారు. తరువాత ఈమెయిల్‌లోనూ అదే రాశారు. ఇది పూర్తిగా తప్పు. ఈ వ్యాపారంలో ఉన్న మీకు తెలియని విషయమని కూడా నేను అనుకోలేను. 1921 నుంచి కారు అద్దానికి అంటించుకుంటూ వచ్చిన గుండ్రటి టాక్స్ డిస్క్ ఉన్న రోజుల్లో, డిస్క్‌పై మిగిలిన నెలలు కారుతోపాటు కొన్నవారికి వెళ్లేవి, బేరంలో వాటికి విలువ కట్టేవారు. 2014 అక్టోబర్ 1న ఆ డిస్క్‌తోపాటు ఆ పద్ధతి కూడా రద్దయింది. ఆనాటి నుంచి టాక్స్ కారును అంటిపెట్టుకుని ఉండదు. అమ్మకం నమోదు కాగానే పాత కీపర్ కట్టిన టాక్స్ రద్దవుతుంది, కొత్త కీపర్ రోడ్డు మీదకు తీసే ముందే తన పేరిట కొత్తగా కట్టుకోవాలి. రద్దయిపోయే టాక్స్‌ను నేను మీకు అమ్మనూ లేను, మీరు నా దగ్గర కొననూ లేరు. పైగా, కారు చూడకముందు మీరు పంపిన కొటేషన్‌లోనూ 6,400 పౌండ్లే ఉన్నది, చూసిన తరువాత చెల్లించినదీ అంతే. ఏ కాగితంలోనూ టాక్స్ కోసం విడిగా ఒక్క పెన్నీ చూపలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన తెలుగు రాష్ట్రాలలో సొంత కారుకు లైఫ్ టాక్స్‌ను మొదటి రిజిస్ట్రేషన్‌నాడే కట్టేస్తాము. అదే రాష్ట్రంలో కారు చేతులు మారితే ఆ టాక్స్ కారుతోపాటే వెళుతుంది, కొన్నవారు మళ్లీ కట్టరు, అమ్మినవారికి ఏమీ తిరిగి రాదు. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వచ్చి అక్కడ మొదటి కారు కొనుక్కున్న మనవాళ్లు, టాక్స్ విలువ ధరలోనే ఉన్నదని మీరు చెబితే, ఇక్కడి అలవాటు కొద్దీ సహజంగానే నమ్ముతారు. మీ కస్టమర్లలో ఎక్కువమంది అటువంటివారే. వాళ్ల భాషలో మాట్లాడి వాళ్ల నమ్మకం సంపాదించుకున్న సంస్థకు, వాళ్లకు తెలియని నియమాన్ని విడమరచి చెప్పవలసిన బాధ్యత మరింత ఎక్కువగా ఉంటుంది. వీసా ముగిసి, ఇల్లు ఖాళీ చేసి, సామాన్లు సర్దుకుని విమానం ఎక్కబోయే మనిషికి రావలసిన రిఫండ్ గురించి తప్పు చెప్పడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది.

రెండవ విషయం ఇంతకంటే తీవ్రమైనది. ఆగస్టు 19న ఈ కారు, థేమ్స్ నదిని చార్జీ కట్టి దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌ను దాటినట్టు, 2 పౌండ్ల 50 పెన్సుల చార్జీ చెల్లించనట్టు నా పేరిట 70 పౌండ్ల జరిమానా నోటీసు వచ్చింది. 14 రోజులలోగా కడితే 35 పౌండ్లు. ఆ రోజున నేను విజయవాడలో ఉన్నాను. కారు మీ యార్డు తాళాల కింద ఉండవలసినది. అమ్మకం జూలై 29నే నమోదై ఉంటే నా టాక్స్ ఆనాడే రద్దయ్యేది, ఆపై ఆ కారును రోడ్డు మీద నడపాలంటే మీ సంస్థ తన పేరిట టాక్స్ కట్టాలి, లేదా ట్రేడ్ ప్లేట్లు (వాహన వ్యాపారులు వాడే తాత్కాలిక నంబరు ప్లేట్లు) పెట్టుకోవాలి, లేదంటే దాన్ని రోడ్డు మీదకు తీయకూడదు. నమోదు చేయనందువల్ల ఇవేవీ అక్కరలేకపోయాయి. నా డబ్బుతో కట్టిన టాక్స్ మీద, నా పేరిట ఉన్న రికార్డు మీద ఆ కారు ఆగస్టులో తిరిగింది. ఇది మీ విధానమని నేను ఆరోపించడం లేదు. ఒక ఉద్యోగి నిర్లక్ష్యమే కావచ్చు. కానీ దానివల్ల కలిగిన లాభం మీ సంస్థకు, నష్టం నాకు చేరాయన్నది మాత్రం కాగితాల మీదే కనబడుతున్నది.

క్రాసింగ్ నోటీసుకు మీ రసీదు జతచేసి అభ్యంతరం పంపించాను. డీవీఎల్‌ఏ రికార్డులో అమ్మకం తేదీ సెప్టెంబర్ 4గా ఉన్నందువల్ల ఆ అభ్యంతరం నిలుస్తుందో లేదో చెప్పలేని పరిస్థితి ఏర్పడింది. దీనికి తోడు బీమా చిక్కు వచ్చింది. కారు అమ్మిన రోజే నా బీమాను రద్దు చేయించుకున్నాను, అమ్మినవారెవరైనా అదే చేస్తారు. బ్రిటన్‌లో 2011 నుంచి, సార్న్, అంటే రోడ్డు మీదకు తీయడం లేదన్న ప్రకటన, చేయని ప్రతి కారుకూ అది నడిచినా నడవకపోయినా కీపర్ బీమా ఉంచవలసిందే, లేకపోతే 100 పౌండ్ల జరిమానా పడవచ్చు. ఆగస్టు అంతా రికార్డులో కీపర్‌ను నేనే కనుక, బీమా లేని కారు ఉంచుకున్నారన్న హెచ్చరిక లేఖ కూడా నాకే వచ్చింది. ముందు ముందు మళ్లీ ఉద్యోగానికి అక్కడికి వెళ్లవలసి వస్తే, నేను చేయని నేరాలకు నా పేరు మీద జరిమానాలు మిగిలి ఉండటాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోలేను.

రిఫండ్ నియమంలోనే అమ్మేవారికి కొంత అన్యాయం ఉన్నదని నా అభిప్రాయం. నెల మధ్యలో కారు అమ్మితే అమ్మినవారికి ఆ నెల సొమ్ము తిరిగి రాదు, కొన్నవారు మాత్రం అదే నెల మొదటి తేదీ నుంచి కట్టాలి. ఒకే కారుకు ఒకే నెల టాక్స్ ఇద్దరి దగ్గరా వసూలవుతుంది. నెలసరి డైరెక్ట్ డెబిట్‌లో కట్టేవారి మీద పడే 5 శాతం అదనపు రుసుము కూడా రిఫండ్‌లో రాదు. ఇవి ప్రభుత్వ నియమాలు, మీతో వాదించవలసినవి కావు. జూలైలో నేను పోగొట్టుకున్న రెండు రోజుల టాక్స్‌ను మిమ్మల్ని అడగడం లేదు. నియమం ఇంత కఠినంగా ఉన్నప్పుడు నెలాఖరున జరిగిన అమ్మకాన్ని ఆ రోజే నమోదు చేయడం ఎంత అవసరమో, ఏటా ఎన్నో కార్లు కొనే మీకు నాకంటే బాగా తెలిసి ఉండాలని మాత్రమే అంటున్నాను.

కనుక నేను కోరుతున్నవి ఇవి. తగ్గిన రిఫండ్ 32 పౌండ్ల 50 పెన్సులను, మీరు కారు ధర జమచేసిన నా బ్రిటన్ ఖాతాకే పంపాలి. రిఫండ్ చెక్కు నగదయ్యే వరకు ఆ ఖాతాను మూయకుండా ఉంచాను. లాగ్‌బుక్‌లోని పేరుతోనే చెక్కు వస్తుంది, అందులో నా ఇంటిపేరు ముందూ వెనకా అయినందువల్ల బ్యాంకు ఇంకా పరిశీలిస్తున్నది కనుక ఈ పని త్వరగా జరగడం ముఖ్యం. కారును మీ సంస్థ 2025 జూలై 29న కొని, అదే రోజు స్వాధీనం చేసుకున్నట్టు సంస్థ లెటర్‌హెడ్ మీద డీవీఎల్‌ఏకు రాసి, అమ్మకం తేదీని సరిచేయమని కోరి, దాని ప్రతిని నాకు పంపాలి. డార్ట్‌ఫర్డ్ నోటీసు విషయంలో ఆగస్టు 19న కారు మీ అధీనంలో ఉన్నదని ఆ చార్జీలు వసూలు చేసే కార్యాలయానికి మీరే తెలియజేయాలి, నా అభ్యంతరాన్ని తిరస్కరిస్తే ఆ జరిమానా మొత్తాన్ని మీ సంస్థే భరించాలి. బీమా హెచ్చరికకు జవాబుగా చూపడానికి ఇదే విషయాన్ని ధ్రువీకరిస్తూ నా పేరిట ఒక లేఖ ఇవ్వాలి. మిగిలిన టాక్స్‌ను ధరలో కలిపి ఇస్తామన్న మాటను ఇకపై ఏ కస్టమర్‌కూ చెప్పవద్దని మీ సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశించాలి. ఇది నా డబ్బుకు సంబంధించినది కాకపోయినా, నా తరువాత కారు అమ్ముకుని ఇంటిముఖం పట్టేవారి కోసం గట్టిగానే అడుగుతున్నాను.

ఈ లేఖ అందిన 14 రోజులలోగా రాతపూర్వకమైన సమాధానం ఇవ్వగలరు. సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం పై విషయాలను పరిష్కరించకపోయినా, సిటిజన్స్ అడ్వైస్ (ఉచిత సలహా సంస్థ) ద్వారా ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు (వినియోగదారుల రక్షణ విభాగానికి) ఫిర్యాదు చేస్తాను. సొమ్ము కోసం కౌంటీ కోర్టులో స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల దావా) దాఖలు చేస్తాను. కొనుగోలు రసీదు, మీ కొటేషన్, డీవీఎల్‌ఏ ధ్రువీకరణ లేఖ, రిఫండ్ చెక్కు, డార్ట్‌ఫర్డ్ నోటీసు, బీమా హెచ్చరిక లేఖ, మీ ఈమెయిల్ ప్రతులను జతచేశాను. అసలు పత్రాలు నా దగ్గర, ఇల్‌ఫర్డ్‌లోని నా మిత్రుడి దగ్గర భద్రంగా ఉన్నాయి.

భవదీయుడు,
(సంతకం)