నాన్నా, కంప్యూటర్ని అప్పుడే అమ్మేయకు

హాంబర్గ్,
ఆదివారం రాత్రి

నాన్నా,

ఎలా ఉన్నావు, అమ్మ మోకాలు ఎలా ఉంది? ఫోన్లో చెప్తే సగం విని "సరేలేరా, చూద్దాంలే" అని అమ్మ చేతికిచ్చేస్తావు, అందుకే ఈసారి ఉత్తరంలా టైప్ చేస్తున్నా. చెల్లి ప్రింట్ తీసిస్తుంది, కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని నిదానంగా చదువు.

ముందు ఒక మాట, కంప్యూటర్ స్లో అయిందని అడిగితే ఆ షాపతను ప్రాసెసర్ వీకైపోయింది, ఇది అమ్మేసి కొత్తది తీసుకోండి అన్నాడని చెప్పావు కదా, దానికి డబ్బులేం కట్టకు. ప్రాసెసర్ వీకైపోడమేంటి నాన్నా, అదేమన్నా స్కూటర్ ఇంజనా పిస్టన్ అరిగిపోడానికి. అది పనిచేస్తే పూర్తిగా చేస్తుంది, పోతే పూర్తిగా పోతుంది, వయసైందని మెల్లగా నడవడం దానికి తెలీదు. మెల్లగా నడుస్తోందంటే ఎవరో మెల్లగా నడవమని చెప్పినట్టే.

నేనూ తక్కువ తినలేదనుకో. మూడు వారాల పాటు వైరస్ అన్నాను, టెంప్ ఫైల్స్ అన్నాను, నువ్వు దాచుకున్న అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఎక్సెల్ షీట్లు కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసి ఫార్మాట్ కొట్టేద్దామన్నాను. ఆ తర్వాత దుమ్ము మీద పడ్డాను. మన పెద్దవాల్తేరులో ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి, ఫ్యాన్ కింద వేడి లాగే పేస్ట్ ఎండిపోయి ప్రాసెసర్ వేడెక్కి తనే స్పీడ్ తగ్గించుకుంటోందేమో అనుకున్నా, అలా నిజంగానే జరుగుతుంది కూడా, కానీ నువ్వు పంపిన ఫోటోలో టెంపరేచర్ 50 కూడా దాటలేదు. కాబట్టి వేడి కాదు. ఆ ఫ్యాన్ని పీకొద్దు, దాని ప్లాస్టిక్ పిన్నులు ఈ పాటికి పెళుసెక్కిపోయుంటాయి, ఒకటి విరిగితే అప్పుడు నిజంగానే షాపుకెళ్ళాల్సొస్తుంది.

మొన్న నువ్వు సీపీయూ-జెడ్ (ప్రాసెసర్ వివరాలు చూపించే ప్రోగ్రామ్) స్క్రీన్ ఫోటో పెట్టావు చూడు, అందులో స్పీడ్ 1200 మెగాహెర్ట్జ్ అని ఉంది. మొదట నేను పట్టించుకోలేదు ఎందుకంటే పనిలేనప్పుడు ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది, కరెంటు ఆదా కోసం, ఇంటెల్ వాడు దాన్ని స్పీడ్‌స్టెప్ అంటాడు, అది రోగం కాదు. బస్సెక్కాక ఫోటో మళ్ళీ తీసి చూస్తే అప్పుడు వెలిగింది బుర్ర.

నీకు లేత్ భాషలో చెప్తా. షిప్‌యార్డ్‌లో మీ లేత్‌కి మోటార్ ఒక స్పీడులో తిరుగుతుంది, బెల్ట్ ఏ పుల్లీ మీదుంటే ముక్కని పట్టుకునే చక్ అన్ని రెట్లు తిరుగుతుంది కదా. ప్రాసెసర్ కూడా అంతే. మోటార్ లాంటిది బస్ స్పీడ్ (బస్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ మిగతా వాటితో మాట్లాడే దారి), పుల్లీ లాంటిది మల్టిప్లయర్, రెండూ గుణిస్తే అసలు స్పీడ్. మనది కోర్ టూ డ్యుయో ఈ8400, బస్ 333 మెగాహెర్ట్జ్, పుల్లీ 9, అంటే దాదాపు 3000, అదే డబ్బా మీద రాసిన 3 గిగాహెర్ట్జ్. ఖాళీగా ఉన్నప్పుడు పుల్లీ 6కి దిగుతుంది, అప్పుడు 2000. నిద్రపోతున్నా 2000 కంటే కిందకి దిగకూడదన్నమాట. మరి 1200 ఎక్కణ్ణించి వచ్చింది?

అందుకే శుక్రవారం వీడియో కాల్లో ఫోటోల ఫోల్డర్ మొత్తం జిప్ చెయ్యమన్నాను, అంటే కుదించి ఒకే ఫైలు చెయ్యమన్నాను, నువ్వేమో "ఇదేట్రా, స్లో అంటే ఇంకా బరువు మోయిస్తన్నావు" అని విసుక్కున్నావు. బరువు పడితే గానీ తెలీదు నాన్నా. జిప్ మొదలవ్వగానే పుల్లీ 6 నించి 9కి ఎక్కింది, అంటే పవర్ సెట్టింగుల తప్పు కాదు, ప్రాసెసర్ తన వంతు తను చేస్తోంది. కానీ స్పీడ్ 1800 దగ్గర ఆగిపోయింది. 1800ని 9తో భాగించు, 200. మోటారే 333కి బదులు 200లో తిరుగుతోంది! కింద రేటెడ్ ఎఫ్‌ఎస్‌బీ అని ఇంకో లైనుంది చూడు, అది బస్‌కి నాలుగు రెట్లు, 1333 ఉండాల్సింది 800 ఉంది. ఈ బస్ మీద ర్యామ్‌తో మాట్లాడే దారి కూడా ఆధారపడి ఉంటుంది కాబట్టి మొత్తం సిస్టమే ఈడుస్తోంది.

మోటార్ స్పీడ్ ఎవరు మార్చారా అని రెండ్రోజులు ఆలోచించా. జవాబు నీ దగ్గరే ఉంది, నువ్వు చెప్పలేదు అంతే. నిన్న ఫోన్ పెట్టేసే ముందు అన్నావు, "రోజూ పొద్దున్నే నల్ల స్క్రీన్ వొచ్చి ఎఫ్1 నొక్కమంటాది, నొక్కుతాను, తారీకు తప్పుంటాది, దిద్దుకుంటాను, అలవాటైపోనాదిలే" అని. ఎన్నాళ్ళ నించి అంటే జూన్ నించి అన్నావు! జూన్ నించి అది మొత్తుకుంటోంది నాన్నా, నువ్వు రోజూ ఎఫ్1 నొక్కి దాని నోరు మూస్తున్నావు.

మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటుంటుంది, సీఆర్2032 అంటారు. తారీకు, మోటార్ స్పీడ్ లాంటి సెట్టింగులు కరెంటు లేనప్పుడు గుర్తుంచుకునేది దాని పుణ్యమే. గోడ మీద స్విచ్ వేసి ఉన్నంతసేపు కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా బోర్డుకి కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది, సెల్ మీద బరువు పడదు. కానీ నువ్వు రోజూ రాత్రి గోడ స్విచ్ కట్టేసే మనిషివి, దానికి తోడు వానాకాలం కరెంటు కోతలు. సెల్ అయిపోయింది, బోర్డు అన్నీ మర్చిపోయి, ఎందుకైనా మంచిదని తక్కువ స్పీడ్‌లో లేస్తోంది. బ్రౌజర్ నీ గడియారం వెనకుంది అని సైట్లు తెరవనివ్వకపోడం కూడా ఇందుకే, మనం నెట్ వాణ్ణి తిట్టుకున్నాం, పాపం.

ఏం చెయ్యాలంటే, జగదాంబ జంక్షన్ వైపు వెళ్ళినప్పుడు ఏదో ఒక వాచీల షాపులో సీఆర్2032 అడుగు, పెద్ద ఖర్చేం కాదు, కంపెనీది తీసుకో, దాని మీద 3 వోల్ట్ అని ఉంటుంది. ఇంటికొచ్చాక మార్చేముందు ఒకసారి ఆన్ చేసి డిలీట్ కీ టకటకా కొడితే బోర్డు సెట్టింగుల నీలం స్క్రీన్ వస్తుంది, బయోస్ అంటారు, అందులో ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తియ్యి, ముఖ్యంగా సాటా అని ఉన్న పేజీ, హార్డ్ డిస్క్ బోర్డుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో అక్కడే ఉంటుంది. ఇది మాత్రం మర్చిపోకు, ఎందుకంటే ఇప్పుడు అక్కడ ఐడీఈ అని ఉంటే ఐడీఈ, ఏహెచ్‌సీఐ అని ఉంటే అదే మళ్ళీ ఉండాలి, అది మారితే విండోస్ ఇంకో నీలం స్క్రీన్, ఎర్రర్‌ది, కొట్టి లేవదు, అప్పుడు నువ్వు నన్ను తిడతావు.

తర్వాత ప్లగ్ పీకేసి పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలేసి, కేబినెట్ ఇనుము ముట్టుకుని అప్పుడు సెల్ తియ్యి, పక్కన చిన్న క్లిప్ ఉంటుంది, గోరుతో పక్కకి తోస్తే అదే పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి. పై వాటాలో ఆ బీటెక్ గుంటణ్ణి పిలుస్తావేమో, పిలు, టార్చి పట్టుకోడానికి. స్క్రూడ్రైవర్ మాత్రం నీ చేతిలోనే ఉంచుకో.

మళ్ళీ డిలీట్ కొట్టి నీలం స్క్రీన్‌లో లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ అన్నది ఎంచి, తారీకు, టైమ్ సరిచేసి, సాటా పాతదానిలా ఉందో లేదో ఫోటోతో పోల్చి, ఎఫ్10 నొక్కి సేవ్ చెయ్యి. అప్పటికీ బస్ 200 చూపిస్తుంటే అక్కడ సీపీయూ ఫ్రీక్వెన్సీ దగ్గర 333 అని చేత్తో పెట్టొచ్చు కానీ అది నేను లైన్లో ఉన్నప్పుడే.

ఒకటి నిజం చెప్పాలి, 3000 వచ్చినా అది చెల్లి ల్యాప్‌టాప్‌లా పరిగెత్తదు. హార్డ్ డిస్క్ పాతది, సంక్రాంతికి వచ్చినప్పుడు ఎస్‌ఎస్‌డీ, అంటే దానికన్నా వేగమైన డిస్క్, తెచ్చి నేనే వేస్తా. దాంట్లో ఉన్న విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, అందుకని బ్యాంకు పనులు దాంట్లో పెట్టుకోకు, లెక్కలు, ఫోటోలు, నీ పాత పాటలు వరకే. నాకూ అది పోవడం ఇష్టం లేదు. హుద్‌హుద్ తుఫాను రోజు ఇంట్లోకి నీళ్ళొస్తుంటే బీరువా వదిలేసి ముందు ఆ కేబినెట్‌ని దుప్పట్లో చుట్టి అటకెక్కించావు, అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

పొద్దున్న పదింటికి మొదలుపెట్టు, ఇక్కడ ఆరున్నర, లేచే ఉంటా. వచ్చే ఆదివారం నించి ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు పదంటే నాకు ఐదున్నర, కాబట్టి ఈ వారంలోనే కానిచ్చెయ్.

పాత సెల్ పారెయ్యకు. నీ మల్టీమీటర్ పెట్టి చూడు, బాగుంటే 3 చూపించాలి. రెండున్నర కూడా చూపించదని నా పందెం, నేను గెలిస్తే అమ్మ చేత పనసపొట్టు కూర చేయించాలి, సంక్రాంతికి.

నీ
పెద్దాడు