పాడేవాళ్ళ పేర్లు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ హైదరాబాద్ ఎడిషన్‌లో ఆ రోజు జరిగే కార్యక్రమాల గురించి వచ్చే ‘నగరంలో నేడు’ శీర్షికను పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని చదివేవాళ్ళలో నేనొకదాన్ని. మాది దిల్‌సుఖ్‌నగర్. మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే రవీంద్రభారతి నడిచి వెళ్ళేంత దూరమే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకైతే ఎంజీబీఎస్‌లో రైలు మారితే చాలు. మాదాపూర్ శిల్పారామంలో శని, ఆదివారాల సాయంత్రాలు నాట్యాలుంటాయి గానీ, మాకది కాస్త దూరం. చెప్పొచ్చేదేమిటంటే వెళ్ళాలనే కోరికా ఉంది, దారీ ఉంది. ఎక్కడ ఏం జరగబోతోందో ముందుగా తెలియకపోవడమే ఇబ్బంది.

మీ శీర్షిక పేరులోనే ‘నేడు’ ఉంది. సాయంత్రం 6 గంటలకు కచేరీ అని పొద్దున 7 గంటలకు తెలిస్తే, ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఏం చేయగలరు? పర్మిషన్ అడగాలి, ఇంట్లో వంట సంగతి చూసుకోవాలి, పెద్దవాళ్ళను తీసుకెళ్ళాలంటే వాళ్ళను సిద్ధం చేయాలి. వారం ముందు తెలిస్తే ఇవన్నీ కుదురుతాయి.

మా నాన్నగారికి 78 ఏళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాల గురించి మాట మొదలైతే ఇక ఆగరు. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి డేరా వచ్చినప్పుడు నేల మీద కూర్చుని చూశారట. మబ్బుల్లోంచి తీగల మీద దిగి వచ్చే నారదుడు, ఎదురెదురుగా వచ్చి గాల్లో ఢీకొనే నిప్పుల బాణాలు. ఆరు నెలల క్రితం మన ఊళ్ళోనే సురభి నాటకం జరిగిందని మాకు ఎలా తెలిసిందనుకున్నారు? మర్నాడు పేపర్లో ఫోటో చూసి. ఆ ఫోటోలోనైనా నారదుడు లేడు. శాలువాలు కప్పుకున్న ఐదుగురు పెద్దమనుషులున్నారు. నాన్నగారు భూతద్దం పెట్టి వెనక తెర మీద ఏముందో చూసే ప్రయత్నం చేశారు.

ఇక్కడికి నా అసలు మాటకు వచ్చాను. మీరు వేసే రెండు మూడు వాక్యాల్లో ఎవరెవరి పేర్లు ఉంటాయో ఒకసారి గమనించండి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, సభాధ్యక్షుడు, ఆత్మీయ అతిథి. వాళ్ళందరి పదవులతో సహా ఉంటాయి. చివర్లో ‘అనంతరం సాంస్కృతిక కార్యక్రమాలు’ అని ఉంటుంది. ఆ ‘అనంతరం’లో పాడేది ఎవరు, ఆడేది ఎవరు, అది కూచిపూడా, హరికథా, వయొలిన్ కచేరీనా? ఏదీ ఉండదు. పెళ్ళి పత్రికలో వధూవరుల పేర్లు వదిలేసి బంధుమిత్రుల పేర్లు అచ్చువేసినట్టు ఉంటుంది.

ఇందులో తప్పంతా పత్రికదే అనను. నిర్వాహకులు పంపే కాగితమే అలా ఉంటుందని నాకు తెలుసు. నిరుడు ఒక సంస్థ వాళ్ళ వీణ కచేరీకి వెళ్ళాం. 6 గంటలకని వేశారు. 5.45కే వెళ్ళి కూర్చున్నాం. వేదిక మీద ఏడు కుర్చీలు, వెనక ఏడుగురి ముఖాలతో ఫ్లెక్సీ. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, ఆపైన ప్రసంగాలు. ఒకాయన ‘రెండే రెండు మాటలు’ అని మొదలుపెట్టి పావుగంట మాట్లాడారు. తెర పక్కన, మా వరసలోంచి కనపడేంత దూరంలో, విద్వాంసురాలు ఒళ్ళో వీణ పెట్టుకుని బిరడాలు తిప్పుతూ శ్రుతి సరిచూసుకుంటున్నారు. మైకులో ‘కరతాళ ధ్వనులతో’ అన్నప్పుడల్లా ఆవిడ చెయ్యి తీగ మీద ఆగిపోయేది. 7.50కి ఆవిడను పిలిచారు. 8.45కల్లా హాలు అప్పగించాలట. తానం, అంటే రాగాన్ని లయగా విస్తరించే భాగం, సాగుతుండగా నిర్వాహకుడొకాయన పక్కనుంచి చేతి గడియారం చూపించారు. మృదంగం ఆయనకు తని ఆవర్తనం, అంటే ఒక్కడే వాయించి చూపే అవకాశం, దక్కలేదు. మంగళం పాడేశారు. అప్పటికి అతిథుల్లో ఒక్కరూ హాల్లో లేరు, వాళ్ళతో వచ్చినవాళ్ళూ లేరు. మిగిలింది మేము ముప్పై మందిమి. జనం రావడం లేదని తర్వాత వాళ్ళే వాపోతారు.

టికెట్లున్న పెద్ద షోల సంగతి వేరు. సినిమా పాటల కచేరీ అయినా, స్టాండప్ కామెడీ అయినా నెల ముందే హోర్డింగులు, ఫోన్లో బుక్‌మైషో ప్రకటనలు. ఉచితంగా జరిగే వీణ కచేరీకి, పద్యనాటకానికి, అవధానానికి ఆ భాగ్యం ఉండదు. వాటి ఆహ్వానపత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. గ్రూపులో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది, లేనివాళ్ళకు లేదు. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఒక్కటే నాకు తెలిసినంతలో తన కార్యక్రమాల పట్టికను ముందుగానే అందరికీ కనిపించేలా ఉంచుతుంది. అక్కడి చాయ్ కోసమే వెళ్ళి, ఏదో గజల్ విని వచ్చిన రోజులు నాకున్నాయి.

చెన్నైలో మా పిన్ని ఉంటుంది. డిసెంబరు సీజన్ మొదలవకముందే ఏ సభలో ఏ రోజు ఎవరు పాడతారు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఎన్ని గంటలకు అనేది ఆవిడ దగ్గర కాగితం మీద ఉంటుంది. ఎరుపు పెన్నుతో టిక్కులు పెట్టుకుంటుంది. అక్కడి వేదికల మీద త్యాగయ్య తెలుగు వినపడని రోజుండదు. ఆ తెలుగు వినడానికి ఇక్కడ ఉన్న నేను మాత్రం ఆ పూట పేపరు వచ్చేదాకా ఆగాలి.

హాళ్ళేమీ అప్పటికప్పుడు బుక్ కావు కదా. రవీంద్రుడి శతజయంతి ఏడాది, 1961లో మొదలైన రవీంద్రభారతిని చూసుకునేది భాషా సాంస్కృతిక శాఖే. ఏ తేదీన హాలు ఎవరికి ఇచ్చారో వాళ్ళ బుకింగ్ పుస్తకంలో ముందే రాసి ఉంటుంది. దాన్ని గేటు దగ్గర ఒక బోర్డు మీద రాసిపెట్టడానికి, మీ విలేకరికి ఒక కాపీ ఇవ్వడానికి జీవో అక్కర్లేదు. మీరు అడిగితే ఇస్తారనే నా నమ్మకం.

శుక్రవారం నాడు అర పేజీ ఇవ్వండి చాలు, రాబోయే వారానికంతటికీ. నిర్వాహకులకు ఒక నిబంధన కూడా పెట్టండి. కళాకారుల పేర్లు, పక్క వాద్యాల వాళ్ళ పేర్లు, సభ ఎన్నింటికి, కచేరీ ఎన్నింటికి అని విడివిడిగా రాసి పంపితేనే అచ్చువేస్తామనండి. కచేరీ టైము చెప్పలేనివాళ్ళ ముఖ్య అతిథి పేరు వేయబోమని కూడా చెప్పి చూడండి. మర్నాటికల్లా టైము వచ్చేస్తుంది! ప్రవేశం ఉచితమా కాదా, లిఫ్టు ఉందా లేదా అన్నది కూడా ఒక్క మాట వేస్తే పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళకు ఎంతో మేలు.

ఈ ఉత్తరం రాస్తుంటే నాన్నగారు పక్కనుంచి ఇంకొకటి చేర్చమంటున్నారు. అక్షరాలు కొంచెం పెద్దవి వేయమని. ఆ జాబితా చీమల బారులా ఉంటోందట.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్