నాన్న వైన్‌ను కాపాడిన పెద్దాయనకు, ఇంకా అందరికీ

నాన్నగారు పోయాక ఫోన్లు చేసినవాళ్ళకీ, ఇంటికి వచ్చినవాళ్ళకీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నిన్న మొదటి మాసికం అయింది. ఇంకా నిద్ర పట్టడం లేదు. రాతలో తడబాటు ఉంటే సర్దుకోండి.

నాన్న కాలిఫోర్నియాకి, శాక్రమెంటోలో మా దగ్గరికి వచ్చాక ఇక్కడ ఇంట్లోనే వైన్ చేసుకునేవాళ్ళ క్లబ్బులో చేరారని కొందరికి తెలుసు. తెలియనివాళ్ళు ముక్కున వేలేసుకోవద్దు. ఆయన తాగేది అరగ్లాసు, దాని గురించి మాట్లాడేది మూడు గంటలు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, ఒక్కరే అయితే 100, అమ్మడం మాత్రం కుదరదు. ఇదీ ఇక్కడి చట్టం. చుక్క ముట్టని అమ్మ వాటా 100 కూడా తనదేనని నాన్న నవ్వేవారు.

నాన్న పోయింది సెప్టెంబరులో. లోడై అనే ఊరి నుంచి తెచ్చిన జిన్‌ఫాండెల్ రకం ద్రాక్షను అప్పుడే చిదిపి రెండు డ్రమ్ముల్లో పోసి ఉంచారు. పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి అట్ట కడతాయి. రోజుకు రెండు మూడుసార్లు దాన్ని కిందికి ముంచాలి. లేకపోతే పైన ఎండిపోయి, లోపల వేడెక్కి, అంతా వెనిగర్ అయి కూర్చుంటుంది. మాకు ఆ ధ్యాస ఎక్కడిది? చావింట్లో ఈ పులుపు వాసనేంటి, పారబోయండి అని చుట్టాలు.

తెల్లవారుజామున గ్యారేజీలో చప్పుడైతే వెళ్ళి చూశాను. డెబ్బై దాటిన తెల్లాయన, మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాడు. క్లబ్బు మనిషేనట, నేనెప్పుడూ చూడలేదు. గ్యారేజీ కోడ్ నాన్న ఎప్పుడో ఇచ్చారట. "మీరు వెళ్ళి పడుకోండి, ఇది నేను చూసుకుంటాను" అన్నారు, అంతే. పులియడం అయ్యేదాకా పొద్దున్నా రాత్రీ వచ్చారు. క్లబ్బు ప్రెస్ తెచ్చి పిండి, కార్బాయ్‌లనే పెద్ద గాజు సీసాల్లోకి ఎక్కించి, బయటి గాలి లోపలికి పోకుండా ఎయిర్‌లాక్ మూతలు బిగించారు. లోపలికి రమ్మంటే రారు. అమ్మ ఇచ్చిన కాఫీ అక్కడే నిలబడి తాగేవారు.

అంతా అయ్యాక కార్బాయ్‌ల మీద టేపు చూశాను. ద్రాక్ష పేరు, ఊరు, ఏడాది నాన్న ఎప్పుడూ తెలుగులోనే రాసి అంటించేవారు. డ్రమ్ముల మీదున్న ఆ అక్షరాల్ని ఈయన బొమ్మ గీసినట్టు ఒక్కొక్కటీ చూసి దించారు. ఒక తలకట్టు పక్క అక్షరం మీదికి పోయింది. ఒక సున్నా మూసుకోలేదు. ఆయనకు అందులో ఒక్క ముక్క చదవడం రాదు. దహనం దగ్గర కూడా ఏడవని నేను ఆ సిమెంటు నేల మీద కూలబడ్డాను.

దహనం అంటే గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో మరణ పత్రం రిజిస్టరయితే తప్ప దహనానికి పర్మిట్ ఇవ్వరు. సంతకం పెట్టాల్సిన డాక్టరు సెలవులో ఉన్నారన్నారు. బదులు ఎవరు పెడతారో ఆ ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పరు. వీకెండంతా నాన్నను ఫ్రీజర్లో ఉంచి, మేం ఫోన్లో హోల్డ్ మ్యూజిక్ వింటూ కూర్చున్నాం. పోయినవాళ్ళ ఇంట్లో వాళ్ళకి ఇంతకన్నా శిక్ష ఉంటుందా?

క్లబ్బు మీటింగులో నాన్న చేసిన బార్బెరా ద్రాక్ష వైన్ సీసాలు తెరిచి, తలా కాస్త పోసుకుని ఆయన గురించి చెప్పుకున్నారు. పులుపు ఎక్కువైందంటే ఒప్పుకునేవాడు కాదని కూడా చెప్పారు. నిజమే, ఒప్పుకునేవారు కాదు.

తమ్ముడు, మావారు, పిన్నివాళ్ళు ఎలాగూ ఉన్నారు, వాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు.

పోస్టు పెట్టేశాక గుర్తొచ్చినవి: అర్ధరాత్రి ఫోన్ చేసినా విసుక్కోకుండా వచ్చిన గుడి పంతులుగారు. పిల్లల్ని స్కూలుకి దింపిన ఎదురింటివాళ్ళు. మిగతా ద్రాక్ష డబ్బు వద్దన్న లోడై రైతు.

అయ్యో, వంటలు పంపినవాళ్ళని మరిచాను! మీ స్టీలు గిన్నెలు మా ఇంట్లోనే ఉన్నాయి. పేర్లు చెక్కించనివి ఎవరివో తెలియడం లేదు, వచ్చి చూసి పట్టుకెళ్ళండి.